బొగ్గు బస్సు

మా నాయన మెకానిక్ షెడ్డులో ఒక ఇనుప చువ్వ ఉంది. పొడవు మూడడుగులు ఉంటుంది. ఒక కొన చదునుగా, ఇంకో కొన కొక్కెంలా వంగి ఉంటుంది. సాయంత్రం షెడ్డు మూసేటప్పుడు ఆ కొక్కెంతోనే షట్టరు కిందికి లాగుతాం. అది షట్టరు కోసమే చేయించిందని నేను చిన్నప్పటి నుంచి అనుకునేదాన్ని.

పోయిన అర్ధసంవత్సర పరీక్షల సెలవుల్లో ఒక రోజు నేను షెడ్డులో ఉన్నాను. ఒకాయన ఎలక్ట్రిక్ స్కూటరు తోసుకుంటూ వచ్చినాడు. "ఉన్నట్టుండి నిలిచిపోయింది, కొంచెం చూడండన్నా" అన్నాడు. నాయన సీటు ఎత్తి చూసినాడు. స్విచ్చి వేసి తీసినాడు. తెర మీద ఏదో నంబరు వచ్చింది. ఆ నంబరుకు అర్థం కంపెనీవాళ్ళ కంప్యూటరుకు తప్ప ఎవరికీ తెలియదు. "ఇది మా చేతిలో లేదన్నా, కంపెనీ సర్వీసుకే తీసుకుపోవాల" అని నాయన పంపించేసినాడు. ఆ వారంలో అట్లా పంపించింది అది మూడో బండి. ఇంజను చప్పుడు విని జబ్బు చెప్పే మనిషి మా నాయన. ఇరవై ఆరేండ్లుగా అదే పని. ఆ రోజు పాతగుడ్డతో చేతులు తుడుచుకుంటూ ఊరికే నిలబడినాడు. చేతులకు మసి కూడా అంటలేదు.

షెడ్డు ముందు బల్ల మీద కూర్చున్న మా తాత అప్పుడు ఒక మాట అన్నాడు. "మా నాయనకూ ఇట్లే అయింది. ఆయన చువ్వే కదా మీ షట్టరు పక్కన వేలాడతా ఉండేది."

తాతకు తొంభై ఏండ్లు దగ్గర పడుతున్నాయి. నిన్న ఏం తిన్నాడో మరిచిపోతాడు గానీ చిన్ననాటి సంగతులు అడిగితే ఊర్లు, పేర్లతో సహా చెప్తాడు. ఆ చువ్వ బస్సులో బొగ్గు కెలకడానికి చేయించిందట. రైలింజనులో బొగ్గు వేసేవాళ్ళని పుస్తకంలో చదివాను. బస్సులో బొగ్గు ఏమిటని అడిగాను. ఆ రోజు నుంచి మూడు సాయంత్రాలు తాత చెప్పినాడు, నేను నోటుబుక్కులో రాసుకున్నాను.

పత్రికకు మన ఊరి చరిత్ర రాయమని మా చరిత్ర సార్ అన్నప్పుడు నా స్నేహితురాళ్ళు చంద్రచూడేశ్వరుని కొండ గురించి, తొరపల్లిలో పుట్టిన రాజాజీ గురించి రాస్తామన్నారు. నేను ఈ చువ్వ గురించి రాస్తానన్నాను. సార్ నవ్వలేదు. "రాయి, కానీ చువ్వ దగ్గరే ఆగిపోవద్దు" అన్నారు. అందుకే ఈ వ్యాసం.

బస్సు వెనక పొయ్యి

తాత చిన్నతనంలో మా హోసూరు మద్రాసు రాజధానిలో, సేలం జిల్లాలో ఉండేది. అత్తిబెలె దాటితే మైసూరు సంస్థానం. మా ముత్తాత కృష్ణగిరికీ హోసూరుకూ తిరిగే ఒక ప్రైవేటు బస్సులో పని చేసేవాడు. డ్రైవరు కాదు, కండక్టరు కాదు. ఆయనను అందరూ "బొగ్గాయన" అని పిలిచేవాళ్ళు.

బస్సు వెనక మనిషి ఎత్తు ఇనుప పీపా ఒకటి బిగించి ఉండేది. తెల్లవారుజామున ప్రయాణికులు రాకముందే ముత్తాత పని మొదలయ్యేది. పీపాలో పైనుంచి కట్టెబొగ్గు నింపాలి. కింది రంధ్రంలో నూనెగుడ్డతో నిప్పు పెట్టాలి. తర్వాత గాలి పంకా పిడి పట్టుకుని తిప్పుతూనే ఉండాలి. పది పదిహేను నిమిషాలు తిప్పితే లోపల బొగ్గు ఎర్రగా రాజుకుంటుంది. అప్పుడు చిన్న గొట్టం దగ్గర అగ్గిపుల్ల గీసి చూస్తారు. గాలి మండితే గ్యాసు తయారైనట్టు. ఆ గ్యాసు గొట్టాల గుండా, వడపోత డబ్బా గుండా ఇంజనులోకి పోతుంది. దారిలో బొగ్గు గడ్డకట్టుకుంటే ఈ చువ్వతో కెలకాలి, బూడిద లాగాలి.

ఈ గ్యాసు ఎట్లా పుడుతుందో మా సైన్సు టీచరు చెప్పారు. బొగ్గుకు గాలి బాగా తగిలితే పూర్తిగా కాలి కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. అది ఎర్రగా కాగుతున్న బొగ్గు పొరల్లోంచి పోయేటప్పుడు కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. కార్బన్ మోనాక్సైడ్ మండే వాయువు. దీనితో పాటు కొంచెం హైడ్రోజన్ ఉంటుంది. మిగిలినదాంట్లో సగానికి పైగా గాలిలోంచి వచ్చిన నైట్రోజనే. నైట్రోజన్ మండదు. అందుకే ఈ గ్యాసుకు పెట్రోలంత బలం లేదు. అదే ఇంజను పెట్రోలుతో ఇచ్చే శక్తిలో మూడో వంతు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ, తగ్గిపోయేది.

ఆ తగ్గింది ఎక్కడ తెలిసేదో తాత చెప్పినాడు. హోసూరు కృష్ణగిరి కంటే బాగా ఎత్తున ఉంది. శూలగిరి దగ్గర మిట్టలు వస్తాయి. అక్కడ బస్సు మూలుగుతా నిలిచిపోయేదట. ఆడవాళ్ళను, ముసలివాళ్ళను కూర్చోమని, మగవాళ్ళంతా దిగి తోసేవాళ్ళట. "టికెట్టు మాత్రం ఒక్క కానీ తగ్గించింది లేదు" అని తాత ఇప్పటికీ నవ్వుతాడు.

నవ్వని సంగతి కూడా ఒకటి చెప్పినాడు. ముత్తాతకు రోజూ తలనొప్పి వచ్చేది. ఒకసారి పీపా పక్కనే కండ్లు తిరిగి పడిపోయినాడు. వేడికి అట్లా అయిందని అందరూ అనుకున్నారు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్ కూర్చోవాల్సిన చోట అది కూర్చుంటుంది. ఇది మా పాఠంలో ఉంది. మా ముత్తాత ఐదేండ్లు దాని పక్కనే నిలబడినాడు. ఆయనకు ఆ పేరు కూడా తెలియదు.

పెట్రోలు ఎందుకు కరువైంది

బొగ్గు బస్సు మన ఊరి వింత కాదు. ఫ్రాన్సులో జార్జ్ ఇంబేర్ అనే ఇంజనీరు 1920లలోనే కట్టెలతో నడిచే గ్యాసు పరికరాన్ని తయారు చేశాడు. అయినా పెట్రోలు దొరికినన్నాళ్ళూ దాన్ని పెద్దగా ఎవరూ కోరుకోలేదు. రెండో ప్రపంచ యుద్ధం 1939లో మొదలయ్యాక పెట్రోలంతా విమానాలకు, ట్యాంకులకు, సైన్యం లారీలకు పోయింది. అప్పుడు అందరికీ ఈ పీపా గుర్తుకొచ్చింది. యుద్ధం ముగిసేనాటికి ఒక్క జర్మనీలోనే సుమారు 5 లక్షల బండ్లు కట్టె గ్యాసుతోనో బొగ్గు గ్యాసుతోనో నడుస్తున్నాయి.

మన దేశంలో 1941లో పెట్రోలుకు రేషను పెట్టారు. కూపన్లు ఇచ్చేవాళ్ళు. అస్సాంలోని డిగ్బోయిలో 1889లోనే నూనె పడింది, 1901లో శుద్ధి కర్మాగారం కూడా వచ్చింది. కానీ అది దేశానికంతా చాలదు. మనకు వచ్చే పెట్రోలులో, కిరసనాయిలులో పెద్ద భాగం బర్మా నుంచి ఓడల్లో వచ్చేది. 1942 మార్చిలో జపాను సైన్యం రంగూనును పట్టుకుంది. శత్రువుకు దక్కకూడదని బ్రిటిషువాళ్ళే రంగూను దగ్గరి సిరియం శుద్ధి కర్మాగారాన్ని, తర్వాత ఏప్రిల్‌లో ఎనాంజాంగ్ నూనె బావులను ధ్వంసం చేసి వెనక్కి వచ్చేశారు.

రంగూను అంటే మన తెలుగువాళ్ళకు పరాయి పేరు కాదు. విశాఖపట్నం, గోదావరి జిల్లాల నుంచి వేలమంది అక్కడి రేవుల్లో, బియ్యం మిల్లుల్లో కూలికి పోయేవాళ్ళు. ఆ సంవత్సరం లక్షల మంది భారతీయులు బర్మా విడిచి వచ్చేశారు. అడవుల్లో, కొండల్లో నడిచి వచ్చినవాళ్ళలో చాలామంది దారిలోనే చనిపోయారు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద జపాను విమానాలు బాంబులు కూడా వేశాయి.

ఇదంతా చదివాక నాకు ఒకటి అర్థమైంది. శూలగిరి మిట్టలో మగవాళ్ళు బస్సు దిగి తోయడానికీ, ఎక్కడో బర్మాలో నూనె బావులు కాలిపోవడానికీ సంబంధం ఉంది. మనం ఏ ఇంధనం వాడాలన్నది మన ఊర్లో మాత్రమే తీర్మానమయ్యేది కాదు.

అడవి లెక్క

బొగ్గు ఎక్కడి నుంచి వచ్చేదని తాతను అడిగాను. డెంకణికోట వైపు అడవుల నుంచి ఎద్దుల బండ్ల మీద బస్తాలు వచ్చేవని చెప్పినాడు. నేను ఒక లెక్క వేశాను. ఒక లీటరు పెట్రోలు చేసే పనికి సుమారు కిలోన్నర బొగ్గు కావాలి. పాత పద్ధతిలో గుంట తవ్వి కాలిస్తే ఒక కిలో బొగ్గుకు నాలుగైదు కిలోల కట్టె పోతుంది. ఒక బస్సుకు రోజుకు 20 లీటర్ల పెట్రోలు పట్టేదని అనుకుందాం. దాని బదులు 30 కిలోల బొగ్గు కావాలి. అంటే 120 నుంచి 150 కిలోల కట్టె. ఒక్క బస్సుకు, ఒక్క రోజుకు!

లెక్క తాతకు చూపించాను. "అందుకే ఆ పక్క కొండలు గుండు కొట్టించుకున్నట్టు ఉన్నింది" అన్నాడు.

బొగ్గు బస్సు పెట్రోలును మిగిల్చింది, నిజమే. ఊర్ల మధ్య రాకపోకలు ఆగిపోకుండా కాపాడింది, అదీ నిజమే. కానీ ఆ ఖర్చు టికెట్టు కొన్నవాళ్ళు పెట్టలేదు. అడవి పెట్టింది. పీపా పక్కన నిలబడిన మనిషి పెట్టినాడు.

యుద్ధం అయిపోయి కొంతకాలానికి పెట్రోలు మళ్ళీ దొరకసాగింది. బస్సు యజమాని పీపాను విప్పించి పాత ఇనుముకు అమ్మేసినాడు. బస్సు తేలికైంది, మిట్ట ఎక్కింది, ప్రయాణికులు సంతోషపడినారు. ఆ వారంతోనే ముత్తాత పని పోయింది. చేతిలో మిగిలింది ఈ చువ్వ ఒక్కటే. ఆయన రాగి చేలల్లో కూలికి పోయినాడు. తాత ఐదో తరగతితో బడి మానేసి ఒక సైకిల్ షాపులో పనికి చేరినాడు. "లెక్కల్లో నేనే ఫస్టు పాపా" అని తాత ఎప్పుడూ అంటాడు. ఎందుకు మానినాడో నాకు ఇప్పుడే తెలిసింది.

కరెంటు బండి కొత్తది కాదు

తాతకు పదిహేనేండ్లప్పుడు, అంటే ఇప్పుడు నా వయసులో, మామతో మద్రాసు పోయి ట్రాము ఎక్కినాడట. పొగ లేదు, బొగ్గు లేదు, తోయాల్సిన పని లేదు. "ఇది యా దేవుడు లాగతా ఉండాడు?" అని మామను అడిగినాడట.

ఆ ట్రాములను కరెంటు లాగేది. మన దేశంలో మొదటి కరెంటు ట్రాము 1895 మే 7న మద్రాసులోనే నడిచింది. అప్పటికి మద్రాసు వీధుల్లో మోటారు కార్లే లేవు. అంటే మన దక్షిణాదిలో పెట్రోలు బండి కంటే కరెంటు బండే ముందు వచ్చింది. కలకత్తాలో 1902లో, బొంబాయిలో 1907లో కరెంటు ట్రాములు మొదలయ్యాయి. మద్రాసు ట్రాములు నడిపే కంపెనీ నష్టాల్లో పడి 1953 ఏప్రిల్‌లో వాటిని ఆపేశారు. బొంబాయిలో 1964లో ఆగిపోయాయి.

కార్ల సంగతీ అంతే. 1899లో గంటకు వంద కిలోమీటర్ల వేగం దాటిన మొదటి కారు కరెంటుదే. బెల్జియం దేశస్థుడు కమీ జెనాట్జీ దాన్ని నడిపాడు. 1900 ప్రాంతంలో అమెరికా రోడ్ల మీద తిరిగే కార్లలో సుమారు మూడో వంతు బ్యాటరీ కార్లే. అదే 1900లో పారిస్ ప్రదర్శనలో ఒక డీజిల్ ఇంజనును వేరుశనగ నూనెతో నడిపి చూపించారు. మా కృష్ణగిరి జిల్లాలో వేరుశనగ పండించే రైతులకు ఈ సంగతి చెప్తే ఎవరూ నమ్మలేదు.

మరి పెట్రోలు ఎట్లా గెలిచింది? నూనె బావులు ఎక్కువై పెట్రోలు చౌకైంది. 1908లో ఫోర్డ్ మోడల్-టి కారు వచ్చి ధర తగ్గింది. 1912లో పిడి తిప్పకుండా మీట నొక్కితే స్టార్టయ్యే కారు వచ్చింది. ఆ స్టార్టరు నడిచేది బ్యాటరీతోనే. కరెంటు కారును ఓడించడానికి పెట్రోలు కారు కరెంటునే తోడు తెచ్చుకుంది. బ్యాటరీ కారు దూరం పోలేకపోయింది, పల్లెల్లో కరెంటు లేదు. పెట్రోలు గెలవడం తలరాత కాదు. ఆ కాలంలో ఏది చౌకగా దొరికింది, ఎవరు దేనికి దారి వేశారు అన్నదాన్ని బట్టి అట్లా జరిగింది.

1973 తర్వాత మా ఊరు

1973 అక్టోబరులో అరబ్బు దేశాలకూ ఇజ్రాయెలుకూ యుద్ధం జరిగింది. కొన్ని నెలల్లోనే ముడిచమురు ధర నాలుగింతలైంది. మన దేశంలోనూ పెట్రోలు ధర పెరిగింది. ఆ నవంబరులో అటల్ బిహారీ వాజపేయి గారు నిరసనగా ఎద్దుల బండి మీద పార్లమెంటుకు వచ్చారు. ఆ తర్వాత ప్రభుత్వం విదేశీ నూనె కంపెనీలను ఒక్కొక్కటిగా తీసుకుంది. 1974లో ఎస్సో, 1976లో బర్మా షెల్, కాల్టెక్స్ ప్రభుత్వం చేతికి వచ్చాయి. విశాఖపట్నంలో 1957లో మొదలైన శుద్ధి కర్మాగారం కాల్టెక్స్‌దే. ఇప్పుడు అది హిందుస్థాన్ పెట్రోలియం కింద ఉంది. 1974లో బొంబాయి సముద్రంలో నూనె పడింది.

పెట్రోలు పిరమైనప్పుడు తక్కువ పెట్రోలు తాగే బండి కావాలి. మా హోసూరులో సిప్కాట్ పారిశ్రామిక వాడ వచ్చింది. 1980లో ఇక్కడి నుంచే టీవీఎస్ 50 మోపెడ్డు బయటికి వచ్చింది. ఇద్దరు కూర్చుని పోగలిగే మోపెడ్డు మన దేశంలో అదే మొదటిది. పాలవాళ్ళు, కూరగాయలవాళ్ళు, మేస్త్రీలు, పంతుళ్ళు అందరూ కొన్నారు. అప్పటికి తాతకు సొంత సైకిల్ షాపు ఉంది. సైకిళ్ళ పక్కనే మోపెడ్లు రిపేరుకు రావడం మొదలైంది. తాత తనకు తానే నేర్చుకున్నాడు, తర్వాత నాయనకు నేర్పినాడు. మా షెడ్డు అట్లా పుట్టింది. నా ఫీజు, మా తమ్ముడి పుస్తకాలు, మా అవ్వ మందులు అన్నీ ఆ షెడ్డు నుంచే వచ్చినాయి.

అంటే ఇంధనం మారడం మా ఇంటిని ఒకసారి కూలదోసింది, ఇంకోసారి నిలబెట్టింది.

చెరకు, బియ్యం, గ్యాసు

ఇప్పుడు మనం బంకులో పోయించుకునేది ఒట్టి పెట్రోలు కాదు. అందులో ఇథనాల్ కలిసి ఉంటుంది. ఇది కూడా కొత్త ఆలోచన కాదు. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడే, 1948లో, మన దేశం పవర్ ఆల్కహాల్ చట్టం చేసింది. చక్కెర మిల్లుల్లో మిగిలే మడ్డి నుంచి తీసిన ఆల్కహాలును పెట్రోలులో కలపడానికి ఆ చట్టం. 2003లో కొన్ని రాష్ట్రాల్లో 5 శాతం కలపడం మొదలుపెట్టారు. 2022లో 10 శాతానికి వచ్చింది. 2023 ఫిబ్రవరిలో బెంగళూరులో 20 శాతం పెట్రోలును ప్రధానమంత్రి ప్రారంభించారు. 2030కి చేరాలనుకున్న 20 శాతాన్ని 2025లోనే చేరారు.

దీనివల్ల బయటి దేశాల నుంచి నూనె కొనడం కొంత తగ్గుతుంది. చెరకు రైతుకు, మొక్కజొన్న రైతుకు కొనేవాళ్ళు పెరుగుతారు. కానీ చెరకు నీళ్ళు ఎక్కువ తాగే పంట. బియ్యం నుంచి కూడా ఇథనాల్ తీస్తున్నారు. బండి తాగేది ఎవరి పొలం నీళ్ళు, ఎవరి గిన్నెలో గింజలు అని కూడా అడగాలి కదా. బొగ్గు బస్సు నాడు అడవి ఎదుట నిలబడిన ప్రశ్నే ఇప్పుడు పొలం ఎదుట నిలబడింది.

ఇంకో మార్పు ఢిల్లీలో జరిగింది. అక్కడ కరువు వల్ల కాదు, పొగ వల్ల. ఎం.సి. మెహతా గారు 1985లో వేసిన కేసులో సుప్రీంకోర్టు 1998లో తీర్పు చెప్పింది. బస్సులన్నీ గ్యాసుకు మారాలన్నది. 2002 చివరికి డీజిల్ సిటీ బస్సులు గ్యాసుకు మారిపోయాయి. మొదట్లో గ్యాసు బంకుల ముందు ఆటోలు, బస్సులు గంటల తరబడి వరుసలో నిలబడ్డాయి. డ్రైవర్లకు ఆ రోజుల కూలి పోయింది. అయినా ఈ మార్పు నాకు ముఖ్యమనిపించింది. ఊపిరి పీల్చే మనుషుల కోసం ఇంధనం మార్చవచ్చని అది చూపించింది.

పొగ ఎక్కడికి పోయింది?

మా ఊరికి నలభై కిలోమీటర్ల దూరంలోని బెంగళూరులో 2001లో రేవా అనే చిన్న ఎలక్ట్రిక్ కారు వచ్చింది. లండనులో కూడా అది తిరిగింది. కానీ మన దగ్గర ఎక్కువమంది కొనలేదు. 2015లో కేంద్ర ప్రభుత్వం ఎలక్ట్రిక్ బండ్లకు సాయం చేసే పథకం మొదలుపెట్టింది. తమిళనాడు 2019లో ఎలక్ట్రిక్ వాహనాల విధానం ప్రకటించి, 2023లో దాన్ని సవరించింది. ఇప్పుడు మా హోసూరు చుట్టుపక్కల, కృష్ణగిరి జిల్లాలో ఎలక్ట్రిక్ స్కూటర్లు తయారుచేసే ఫ్యాక్టరీలు ఉన్నాయి. మా పెద్దమ్మ కూతురు ఒక ఫ్యాక్టరీలో పని చేస్తుంది. మా వంశంలో నెల జీతం తెచ్చిన మొదటి ఆడపిల్ల ఆ అక్కే. కాబట్టి ఎలక్ట్రిక్ బండి చెడ్డదని నేను రాయలేను, రాయను కూడా.

ఆ బండి వీధిలో పొగ వదలదు. మరి పొగ ఎక్కడికి పోయింది? మన దేశంలో తయారయ్యే కరెంటులో మూడింట రెండు వంతులకు పైగా బొగ్గు నుంచే వస్తుంది. మన రాష్ట్రంలో నెయ్‌వేలి, తెలంగాణలో సింగరేణి బొగ్గు అందరికీ తెలిసినవే. అంటే తాత చూసిన పీపా ఇంకా ఉంది. బస్సు వెనక లేదు, దూరంగా పోయి పెద్దదైంది. దాని పక్కన ఉండే ఊర్ల మీద బూడిద పడుతుంది.

అయితే రెండూ ఒకటే అనడం కూడా తప్పు. పెట్రోలు స్కూటరు ఇంజను తాను తాగిన శక్తిలో సుమారు పావు వంతే చక్రానికి ఇస్తుంది, మిగతాది వేడిగా పోతుంది. కరెంటు మోటారు తనకు అందినదాంట్లో ఎనభై శాతానికి పైగా చక్రానికి ఇస్తుంది. ఇంకొకటి, పెట్రోలు బండి ఎన్నేళ్ళు నడిచినా పెట్రోలే తాగుతుంది. కరెంటు బండికి ఈరోజు బొగ్గు కరెంటు ఇస్తున్నాం, రేపు ఆరల్వాయ్‌మొళి గాలిమరల కరెంటు, ఎండ కరెంటు ఇవ్వవచ్చు. బండి మార్చాల్సిన పని లేదు. కాబట్టి ఈ మార్పు మంచిదే అని నా అభిప్రాయం. కానీ మంచి మార్పు కూడా ఎవరో ఒకరి దగ్గర ఖర్చు వసూలు చేస్తుంది. అది ఎవరో ముందే చూసుకోవాలి.

చువ్వ

నేను చదివిన పుస్తకాల్లో బర్మా నూనె గురించి ఉంది, పెట్రోలు రేషను గురించి ఉంది, గ్యాసు పీపాను తయారుచేసిన ఇంజనీరు పేరు ఉంది. పీపాలో బొగ్గు వేసిన మనుషుల పేర్లు ఎక్కడా లేవు. పెట్రోలు తిరిగొచ్చినప్పుడు వాళ్ళు ఏమయ్యారని ఎవరూ రాయలేదు. మా ఇంట్లో ఈ చువ్వ లేకపోతే నాకూ తెలిసేది కాదు.

మా నాయన లాంటి మెకానిక్కులు మా వీధిలోనే నలుగురు ఉన్నారు. మన దేశమంతా ఎంతమంది ఉంటారో ఆలోచించండి. వాళ్ళ కోసం నేను రెండు కోరుతున్నాను. ఒకటి, కొత్త బండ్లను బాగుచేసే పని వాళ్ళకు వాళ్ళ భాషలో, షెడ్డు మూసిన తర్వాత సాయంత్రం పూట నేర్పాలి. పగలు నేర్పితే ఆ రోజు కూలి పోతుంది. రెండు, తెర మీద వచ్చే ఆ నంబరుకు అర్థం ఏమిటో బండి తయారుచేసినవాళ్ళు బయటివాళ్ళకు కూడా చెప్పాలి. పెట్రోలు బండి ఇంజను విప్పితే లోపల ఏముందో కంటికి కనిపించేది. తాత మోపెడ్డు పని అట్లానే నేర్చుకున్నాడు. మూసి పెట్టినదాన్ని ఎంత తెలివైనవాడైనా ఎట్లా నేర్చుకుంటాడు?

పోయిన నెల నాయన ఒక మల్టీమీటరు కొన్నాడు. రాత్రి అన్నాలయ్యాక నా పదో తరగతి సైన్సు పుస్తకంలోని విద్యుత్తు పాఠం ఇద్దరం కలిసి చదువుతున్నాం. వోల్టేజి, కరెంటు, నిరోధం అని నేను చదివి చెప్తాను. "అంటే ట్యాంకు ఎత్తు, పైపులో నీళ్ళు, పైపులో చెత్త. అంతే కదా?" అంటాడు నాయన. మా టీచరుకు ఈ మాట చెప్తే మిగతా క్లాసుకు కూడా అట్లానే చెప్పారు. పోయిన ఆదివారం ఒక ఎలక్ట్రిక్ స్కూటరు వచ్చింది. బ్యాటరీ దగ్గర ఒక తీగ వదులైందని నాయన కనిపెట్టి బిగించినాడు. బండి నడిచింది. అన్ని బండ్లూ అట్లా నడవవు, మాకు తెలుసు. పెట్రోలు బండ్ల పని నెలనెలా తగ్గుతూనే ఉంది.

ఆ సాయంత్రం షట్టరు దించడానికి నేను చువ్వ తీసుకుంటే తాత పక్కనే ఉన్నాడు. "మా నాయనకు చదివి చెప్పేవాళ్ళు లేకపోయిరి పాపా" అన్నాడు. ఇంకేమీ అనలేదు.

మీ ఇంట్లో కూడా ఏ మూలనో ఇట్లాంటి పాత సామాను ఉండవచ్చు. పాత ఇనుముకు వేసే ముందు అది దేనికి వాడేవాళ్ళని పెద్దవాళ్ళను ఒకసారి అడగండి.